ఒక కొస

ఖాళీ బెల్టు మీద పద్నాలుగు టన్నులు.
రాత్రి రెండు గంటలకి, పోర్టులో, బొగ్గు బెర్తు దగ్గర,
తూకం డబ్బా చూపిస్తున్న అంకె అది.
నిజానికి బెల్టు మీద ఉన్నది
తడిసిన బొగ్గు పొడి, ఎవరిదో ఎడమచేతి గ్లవ్వు.
పెద్ద క్రేన్ మోటారు లేచినప్పుడల్లా
పద్నాలుగు పదిహేడవుతుంది,
ఆగితే పన్నెండుకి దిగుతుంది.
లేని బరువుకి ఊపిరి కూడా ఉంది.

మార్చాల్సినవన్నీ మార్చాను.
లోడ్ సెల్ మార్చాను, కార్డు మార్చాను,
చివరికి పౌర్ణమిని కూడా అనుమానించాను.
ఫోన్లో పట్నాయక్ గారిది ఒకటే మాట:
"ఓడ ఆగదమ్మా."
డాల్ఫిన్స్ నోస్ మీద లైట్‌హౌస్
లెక్క తప్పకుండా తిరుగుతోంది.
దాన్ని చూస్తే ఒళ్ళు మండింది.

తెల్లారాక మైలపల్లి నూకరాజు వచ్చాడు.
కేబుల్ జాయింటరు. రిటైరై రెండేళ్ళు,
అయినా పిలుస్తారు.
ముప్పై ఏళ్ళు కన్వేయర్ కింద నిలబడి
రెండు చెవులూ ఇక్కడే వదిలేసిన మనిషి.
ఇప్పుడు కుడి చెవిలో గోధుమరంగు మిషను.
నా మీటర్ల పెట్టె వంక చూడనైనా లేదు.
చెవి మిషను మీట ఒక మెట్టు జరిపి
కేబుల్ ట్రే పక్కనే తల వంచి నడిచాడు,
గోడకి ఆనుకుని పక్కింటి గొడవ వినేవాడిలా.

"ఏటమ్మీ, ఇక్కడ తుమ్మెదలాగ గుయ్యిమంటంది.
మోటారు కేబులూ మాటల కేబులూ
ఒకే మంచమ్మీద పడుకోబెట్టేరు."

ఆ మెట్టులో మిషనుకి మనుషుల గొంతు అందదు,
తీగల గొంతే అందుతుంది.
పెట్టె మూత తీశాడు. స్క్రూలు తుప్పుకి కరుచుకుపోయాయి.
లోపల మెలేసిన జంట తీగలు,
వాటి చుట్టూ సన్నటి రాగి అల్లిక.
"రెండు కొసలా నేలకి కట్టింది ఎవులు?"
నేనే, అన్నాను. వినబడలేదు.
నా మొహం చూసి తెలుసుకున్నాడు.
ఎంత శ్రద్ధగా కట్టానో! లగ్గు నొక్కి, పచ్చ తొడుగేసి,
ఒకటికి రెండైతే ఇంకా భద్రమని.

బొటనవేలి గోటితో అల్లిక విప్పుతూ
జాలరిపేట మనిషి కన్ను కన్నూ చూశాడు.
"అలివి వలైతే రెండు కొసలూ లాగాల.
ఇటు పదిమంది, అటు పదిమంది.
అప్పుడే చేప పడతాది.
ఇది పట్టే వల కాదమ్మీ, పట్టకుండా కాసే వల.
రెండు పక్కలా కట్టేవనుకో,
సముద్రంలో ఉన్న రొదంతా నీకే పడతాది.
నేలంతా ఒకటేనని నువ్వు సదూకున్నావు.
క్రేన్ కాడ నేల ఏరు, కంట్రోల్ రూము కాడ నేల ఏరు.
ఆ తేడా ఊరుకోదు,
నీ అల్లిక మీంచి నడిసెల్తాది."

క్రేన్ వైపు కొస కత్తిరించాడు,
వెనక్కి మడిచి టేపు చుట్టాడు.
రెండో కొస వెంట వెనక ఎర్త్ పిట్ దాకా వెళ్ళాం.
మూత ఎత్తితే గుంట ఎండి బీటలు వారింది,
రాగి పట్టీ మీద ఉప్పుగాలి తిన్న పచ్చదనం.
గుంటలోకి ఉప్పు కావాలి, పట్టీ మీదకి ఉప్పు రాకూడదు.
ఈ ఊళ్ళో ఆ సంగతి గాలికి ఎవరు చెబుతారు?
ఇసకకాగితం పెట్టి రుద్దాను,
నాలుగు బకెట్లు పోశాను.
నేల గుటకలేస్తూ తాగింది.

డబ్బా మీద సున్నా.
తర్వాత పాయింటు రెండు. మళ్ళీ సున్నా.
"అది గాలిలే," అన్నాడు.
క్రేన్ లేచింది. అంకె కదల్లేదు.
మోటారు కేబుల్ని మాత్రం వేరే ట్రేకి మార్చలేదు.
దానికి షట్‌డౌన్ కావాలి,
షట్‌డౌన్‌కి పట్నాయక్ గారి సంతకం కావాలి,
సంతకానికి ఓడలు లేని రోజు కావాలి.

గేటు బయట టీ కొట్టు దగ్గర
థాంక్స్ చెప్పాను. రెండుసార్లు చెప్పాను.
మీట వెనక్కి జరపడం మరిచిపోయినట్టున్నాడు,
నా వైపు చూడకుండా కొట్టువాడితో అన్నాడు:
"నీ ఫ్రిజ్జు మా సెడ్డ మొత్తుకుంటంది రా,
ఓపాలి సూపించుకో."