రెప్ప కింది రంగు

తగరపువలస సంతలో
పొట్ట నిండుగా ఉన్నదాన్నే ఏరుకున్నాను,
చూడి గొర్రె అనుకుని.
దేముడమ్మ గేటు దగ్గరే చూసి నవ్వింది:
"సూడి కాదు బాబూ, ఆ పొట్టంతా నట్టలే."

ముప్ఫై ఒక్క ఏళ్లు పోర్టులో క్రేన్ నడిపాను.
ఇరవై టన్నుల ఉక్కు చుట్టను
ఓడ కడుపులో
గుడ్డు పెట్టినట్టు దించేవాణ్ణి.
పద్మనాభం దగ్గర డెబ్బై సెంట్లు కొన్నాక
రెండు కిలోల గొర్రెపిల్లను
ఎక్కడ పట్టుకుని ఎత్తాలో తెలియలేదు.

పదకొండింటి వీపుల మీదా నీలిరంగు అంకెలు వేశాను,
కంటైనర్ల అలవాటు.
మొదటి వానకే అంకెలు కారిపోయి
అన్నీ ఒకే మురికి మబ్బులా
పాక చూరు కింద చేరాయి.
దేముడమ్మకు నలభై ఉన్నాయి, లెక్క రాదు.
సాయంత్రం దొడ్డి తలుపు దగ్గర నిలబడి
"బొల్లిదాని పక్కన కాళీ ఉంది" అంటుంది,
కర్ర తీసుకుని జీడితోటలోకి పోతుంది.
ఖాళీని చూడటం
నాకెవరూ నేర్పలేదు.

కనురెప్ప తిప్పి చూడమంది.
లోపల దానిమ్మ గింజ రంగుంటే పర్లేదు,
సున్నం కొట్టిన గోడలా ఉంటే
మందు తాగించి, అమ్మోరికి కూడా చెప్పుకోమంది.
ఇప్పుడదో జబ్బయింది నాకు.
బ్యాంకులో గుమాస్తా కళ్లలోకి చూసి
ఈయన పాలిపోయాడే అనుకుంటాను.
ఓ మధ్యాహ్నం మా వరహాలు నిద్రపోతుంటే
బొటనవేలితో రెప్ప దించి చూశాను.
లేచి నానా తిట్లూ తిట్టింది.
మర్నాడు రక్త పరీక్షకు మాత్రం వచ్చింది.

జూన్ వానలకు గట్ల మీద లేతగడ్డి లేచింది.
ఎండాకాలమంతా వరిగడ్డీ తుమ్మకాయలూ నమిలిన జీవాలు,
కడుపారా తిననీ అని
మంచు ఆరకముందే వదిలాను.
ఒకప్పటి ఆరో నంబరును
నా ప్రేమే చంపింది.
ఎడమ డొక్క డప్పులా బిగిసింది.
డాక్టరుగారి ఫోను మోగుతూనే ఉంది.
దేముడమ్మ నూనె సీసాతో పరిగెత్తుకొచ్చేసరికి
అది నా మోకాలి మీద తల వాల్చేసింది.
మేకైతే ఊరు లేచేలా అరుస్తుంది.
గొర్రె చెప్పదు.
నొప్పి బయటపడితే కుక్కలకు తెలుస్తుందని
తాతల నాటి భయమేమో.
చెప్పనిదాన్ని వినాలంటే
ముందు నా నోరు మూతపడాలి.
వాకీటాకీ అరుపుల్లో బతికినవాడికి
అదేం తేలిక కాదు.

కార్తీకంలో తుఫాను రాత్రి, కరెంటు లేదు.
ఒక కాలే బయటికొచ్చింది.
రెండోది లోపల మడతపడి ఉంది.
చేతికి సబ్బు రాసుకుని
చీకట్లో చీకట్లోకి వెతికాను.
క్రేన్ మీటల దగ్గర నేర్చిన నిదానం
అక్కడ పనికొచ్చింది.
పిల్ల దక్కింది. తల్లి దగ్గరికి రానివ్వలేదు,
పొదుగు దగ్గరికెళితే తన్నింది.
వరహాలు వంటింట్లోంచి ఉప్పు తెచ్చి
పిల్ల ఒళ్లంతా రాసింది.
ఎవరు చెప్పారో నేనడగలేదు.
తల్లి ఉప్పు కోసం నాకడం మొదలెట్టింది.
ఉప్పు అయిపోయాక కూడా
ఆపలేదు.

గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు.
అబద్ధం.
వ్యాను చూసి పొట్టేలు వెనక్కి తన్నుకుంది,
ముగ్గురు లాగినా ఎక్కలేదు.
బేరం చెడుతుందని
నేనే ముందెక్కి "రారా" అన్నాను.
ఎక్కింది.

డబ్బు రెండుసార్లు లెక్కపెట్టాను, సరిపోయింది.
దాణా బాకీ తీరింది, పాకకు నాలుగు రేకులొచ్చాయి.
సాయంత్రం దొడ్డి తలుపు దగ్గర
అంకెలు లేకుండానే
ఖాళీ కనబడింది.
ఎంతసేపు నిలబడ్డానో,
కంచె అవతలనుంచి దేముడమ్మ కేక:
"గిట్టలు కొయ్యాల రేపు,
కత్తి పదునెట్టినావేటి?"

లేదు. పెట్టలేదు.