చెంచా అతడు

మా ఎస్టోనియన్‌లో ఆడా మగా తేడా లేదు,
అమ్మైనా నాన్నైనా ఒకటే మాట, "తెమా".
వోరు ఊళ్లో, మంచు పట్టిన కిటికీ పక్కన
రెండో తరగతికి జర్మన్ చెబుతున్నాను:
చెంచా అతడు. ఫోర్కు ఆమె. కత్తి అది.

"ఎవరు చెప్పారు వాటికి?" అంది లేలో.
నాకూ తెలీదు. సుద్దపొడి తుడుచుకున్నాను.
"మరి అమ్మాయి?"
పుస్తకంలో ఉన్నదే చెప్పాను: అది.
లేలో ఇక నోరు విప్పలేదు.

భోజనాల దగ్గర
రూబెన్ చెంచానీ ఫోర్కునీ పక్కపక్కన పడుకోబెట్టి,
మధ్యలో కత్తినుంచి, రుమాలు కప్పాడు.
"ష్... నిద్రపోతోంది."

లేలో వంగి
రుమాలు కొంచెం పైకెత్తి
కత్తి చెవిలో ఏదో పేరు చెప్పింది.

అది జర్మన్ కాదు. ఎస్టోనియనూ కాదు.
సూపు చల్లారేదాకా
నేనక్కడే నిలబడ్డాను.