ఇసుకకు వాటా లేదు

ఈ ఊళ్లె నీళ్లకు గడియారముంది.
కొండ కడుపుల, ఎవరి ముత్తాతలో గడ్డపారతోని తొలిచిన
చీకటి సొరంగం నుంచి వస్తయి నీళ్లు.
పగలు, మసీదు వెనక పాతిన కర్ర నీడ
ఒక రాయి నుంచి ఇంకో రాయికి జరిగితే
ఒక అథర్.
అరగంటకు అటూ ఇటూ.
రాత్రి, గుట్ట అంచుమీద ఏ చుక్క పొడిచిందో చూసి
అరీఫ్ ఖల్ఫాన్ చెయ్యెత్తుతడు.
మన భాషల చెప్పాల్నంటే నీరటి.
ఊరి నీళ్లన్నీ ఆయన చేతి కిందికెల్లే పోతయి,
చెప్పులు మాత్రం ఎప్పుడూ పొడిగనే ఉంటయి.

నేను నాసర్ సేఠ్ ఖర్జూరాలకు మడవ తిప్పేటోణ్ని.
పదకొండు రోజులకోపారి మూడు అథర్లు,
నడిరాత్రి దాటినంక.
గోనెగుడ్డ చుట్టిన రాయి తీస్తే మా పాలు,
పెడితే మందిపాలు.

మొదటి వాటా గొంతుది.
కాలువ వెలుతురు చూసే చోట
ఎవడన్న దోసిలి పట్టొచ్చు.
పతాకా అడగరు,
ఒంటె దూపనా మనిషి దూపనా అనడగరు.
ఆ కింద నమాజుకు కాళ్లు కడుక్కునే మెట్లు,
ఆ కింద ఆడవాళ్ల తానాలు, బట్టలు,
ఇంకా కింద పీనుగు కడపటి తానం.
ఇంతమందిని కడిగినంకనే చెట్టు వేరుకు.
అండ్ల గూడ ఖర్జూరం ముందు, గడ్డి వెనుక.
ఉల్లిగడ్డ, గోధుమ
కాలువకు దయ కలిగిన ఏడు మాత్రమే.

మా దిక్కు కానూన్ వేరే ఉండె.
ఎవని బోరు లోతైతే వానివే నీళ్లు.
పక్క చెలక ముత్యంరెడ్డి మూడొందల ఫీట్లకు పోతే
నేను నాలుగొందలకు,
ఆయన ఐదొందలకు.
ఒక్క గిలాసల రెండు గొట్టాలేసి పీల్చినట్టు పీల్చినం.
ఆఖరికి ఇద్దరికీ దుమ్మే లేచింది,
తెల్లగ, జొన్నపిండి లెక్క.
మిత్తి ఒక్కటే తడి ఆరలే.

తోట కొసకు, ఆఖరి చెట్టు పాదు నిండి పొర్లే చోట
జానెడు మడి చేసి పుంటికూర చల్లిన.
మూడో కోతకు కబురు పాకింది.
పక్క తోట సయీద్ నలుగురి నడుమ నిలవడి అన్నడు:
"పనోనికి వాటా ఎక్కడిది?
నాసర్ నీళ్లు నాసర్ చెట్లకు,
ఎక్కువైతే శుక్రవారం వేలానికి."

కాఫీ మూడుసార్లు తిరిగింది.
అరబ్బీ సగం నాకు సమజైంది,
తక్కిన సగం భయమే తర్జుమా చేసింది.
ఖల్ఫాన్ ఏం మాట్లాడలే. లేచి తోటకొచ్చి
పొర్లిన నీళ్ల వెంబడి
నా మడి దాటి వాగు దాకా నడిచిండు.
వంగి, తడి ఇసుకను ముట్టి చూసిండు.
"పాదు దాటేదాకా ఇవి నాసర్ నీళ్లు.
దాటినంక, పనికి తెచ్చుకున్నోనివి.
ఇసుకకు వాటా లేదు. ఈని ఆకుకున్నది,
కాలువ నిండుగున్నన్ని రోజులు."

ఆ కొసమాట ఆ దినం నాకు ఇనపడలే.

రెండేండ్లు వాన మొకం లేదు.
కాలువ బొటనేలు మునిగేటంత అయింది.
అథర్ అంతే పొడుగుంది,
అండ్ల నీళ్లే సన్నవడ్డయి.
సేఠ్‌కు, సయీద్‌కు, ఒక్కటే చెట్టున్న షంసా ముసలమ్మకు
ఎవరి సగం వాళ్లకు తగ్గింది.
నన్నెవరూ ఆపలే.
మా పాలి చుక్క పొడిచిన రాత్రి
నా పాత లుంగి ముక్క రాయికి చుట్టి
పుంటికూర మడి నోరు నేనే మూసిన.
గట్టుమీద ఖల్ఫాన్ చెయ్యెత్తిండు.
పాలి అయిపోయిందనో, సలామనో.

ఆఖరి ఆకు తొక్కు నూరిన.
మొక్లేస్ పులుపుకు ఒక కన్ను మూసుకొని
ఇంకో ముద్ద అడిగిండు.
గింజలు మల్ల సీసలవడ్డయి.

శుక్రవారం పొద్దుగాల తమ్ముడు ఫోన్ల:
"అన్నా, బోరుబండి ఊళ్లెకొచ్చింది.
ఆరొందలకు పోదామా?
ముత్యంరెడ్డి గూడ అడుగుతున్నడట రేటు."

నేను కర్ర నీడను చూస్తున్న.
రాయికి ఇంకా నాలుగు వేళ్ల దూరముంది.

"ఆగు," అన్న,
"ముందుగాల ముత్యంరెడ్డికియ్యి ఫోను."