వెంట్రుకవాసి

ముర్గాబులో సెప్టెంబరుకే బకెట్టు నీళ్ళ మీద పెచ్చు కడుతుంది.
కంటైనరు షెడ్డులో, పొయ్యి పక్కన చిరిగిన పరుపు మీద
మా జిల్ లారీ వెనక ఇరుసు గుండెకాయ
విప్పి పెట్టి ఉంది, నూనె కారుతూ.

నూనె దింపినప్పుడు మొదట పడింది పన్ను.
పినియన్ పన్ను, విరిగిన చోట చక్కెర పలుకులా మెరుస్తూ.
తుర్సున్‌కుల్ దాన్ని తుడిచి జేబులో వేసుకున్నాడు.
నా వైపు చూడలేదు.
బొగ్గు ఎక్కువ వేశావని నా మాట,
వాగులో క్లచ్చు ఒక్కసారిగా వదిలేశావని అతని మాట,
రెండూ పదకొండు రోజులుగా ఎవరి నోట్లో వాళ్ళకే,
పంటికింద రాళ్ళు.
లారీ ఇద్దరిదీ. అతని చెల్లెలు నా భార్య.

మిర్జోనబోత్ మాత్రం మాట్లాడుతూనే ఉంటాడు, ఇనుముతో.
ఓష్ బజారు నుంచి తెచ్చిన జత అది.
క్రౌన్ వీలు అంచున చెక్కిన అంకె, పినియన్ మూతి మీది అంకె
గోటితో తడిమి చదివాడు:
నాలుగు వందల పదిహేడు. నాలుగు వందల పదిహేడు.
"ఒకదాన్నొకటి అరగదీసుకుని పుట్టినవి.
వీటిని విడదీసి అమ్మేవాడికి నరకంలో కూడా చోటుండదు."

బేరింగును నూనెలో కాచాడు, పినియన్‌ను రాత్రంతా బయట చలిలో ఉంచాడు.
చుయ్‌మని ఒక్క శబ్దం, కూర్చుంది.
షిమ్ములు లేవు. గట్టిపాల డబ్బా రేకు కత్తిరించాడు.
ఉన్ని తూచే స్ప్రింగు కాటాకు తాడు కట్టి
ఫ్లాంజి చుట్టూ చుట్టి లాగాడు.
ముల్లు చూసి "బిగువు చాలదు" అన్నాడు.
విప్పాడు. బిగించాడు. మళ్ళీ విప్పాడు.
మూడోసారికి నా టీ చల్లారింది, నేను వేడెక్కాను.

నీలం రంగు డబ్బా ఖాళీ.
పొయ్యి మసిలో జడలబర్రె వెన్న కలిపి
నాలుగు పళ్ళకు పూశాడు, పసిపిల్లకు కాటుక పెట్టినట్టు.
తిప్పితే మచ్చ పంటి మడమ వైపు జారి ఉంది.
పెద్ద చక్రాన్ని ఆవగింజలో అరవయ్యో వంతు జరిపాడు.
ఇప్పుడు మచ్చ మధ్యలో, గొర్రెపిల్ల పెదవంత.
"మరీ దగ్గరైతే కాలిపోతారు,
దూరమైతే కొట్టుకుంటారు.
వెంట్రుకవాసి ఎడం" అని
గడ్డంలోంచి ఒకటి పీకి చూపించాడు.
మాకు కాదు, ఆ పళ్ళకు.

చీకటి పడ్డాక హౌసింగును ఎత్తాం, అటు అతను, ఇటు నేను.
బరువు ఒకేసారి అందుకోవాలి గదా,
ఊపిరి కలపక తప్పలేదు.
బోల్టులన్నీ పడ్డాయి. బండి గేరులో ఉంది.
జాకీల మీద రెండు చక్రాలూ గాలిలో.
నా వైపుదాన్ని ముందుకు తోశాను.

ఇరుసుకు అవతలి నుంచి,
"ఇది వెనక్కి తిరుగుతోంది."

మిర్జోనబోత్ చేతులు తుడుచుకుంటూ,
"తిరగాలి. తిరగకపోతే నేను ఏడ్చేవాణ్ణి."

తుర్సున్‌కుల్ తనది తోశాడు. నాది వెనక్కి వచ్చింది.
నేను తోశాను.
చూడాల్సిందేమీ మిగలకపోయినా
కాసేపు అలా తిప్పుతూనే ఉన్నాం.

జేబులో పన్ను సంగతి నేను అడగలేదు.
రేపు బొగ్గు ఎన్ని బస్తాలో
అతనూ చెప్పలేదు.