చాలు తప్పిన మాట

రాత్రి డ్యూటీలో నేను ఎక్కువసార్లు రాసే మాట
డెలిరియం.
ఎనిమిదక్షరాలు. చేరిన కొత్తలో
రెండో 'ఐ' మింగేసేదాన్ని.

ఆరో వార్డు, కిటికీ పక్క మంచం.
విల్‌ఫ్రెడ్ సెచెల్, ఎనభై తొమ్మిది.
తుంటి ఆపరేషన్ అయిన రెండో రాత్రి
దుప్పటి మీద పిడికిళ్లు బిగించి
"పద డాపర్, పదవే తల్లీ వయొలెట్" అంటున్నాడు
ఎప్పుడో చచ్చిపోయిన గుర్రాలతో.
చార్టు తీసి ఆ మాట రాశాను.

ఎదుటి మంచం మీద నిద్రపట్టని లాత్‌బరీ గారు,
నలభై ఏళ్లు పిల్లలకి లాటిన్ నూరిపోసినాయన,
"ఏం రాశావమ్మా?" అన్నారు.
చెప్పాను.
నవ్వారు, దగ్గొచ్చేదాకా.

"లీరా అంటే చాలు,
నాగలి పోతుంటే పక్కన లేచే మట్టికట్ట.
డే అంటే తప్పి, పక్కకి జరిగి.
ముందు పొలంలో పుట్టింది,
తలలోకి తర్వాత ఎక్కింది."

నాకు తెలిసిన అర్థాలు వేరు.
జ్వరం. మత్తుమందు దిగని బుర్ర.
తాగుడు మానిన మూడో రోజు
గోడ మీద పాకే సాలీళ్లు.
మా తమ్ముడు కాలిన్ మాత్రం
వాళ్ల జట్టు గెలిచిన శనివారం
సంతోషానికి ఇదే మాట వాడతాడు.
ఆ రాత్రి వాడూ దారి తప్పే ఇంటికొస్తాడు.

తిరిగి చూస్తే
సెచెల్ పిడికిళ్లు రొమ్ము నుంచి మోకాళ్ల దాకా
దారం లాగినట్టు ఒకటే గీత.
గట్టు చేరగానే ఆగి, మలుపు తిప్పి,
పక్కనే ఇంకోటి.
చాలు ఎక్కడ తప్పాడు?

మంచం కడ్డీకి పిడికిలి తగిలింది.
"ఆగు!"
గుర్రాలు ఆగాయి. నేనూ ఆగాను.
మా నల్లమట్టి కింద దుంగలుంటాయి,
నీళ్లు ముంచిన అడవివి,
వేల ఏళ్లుగా కుళ్లనివి.
నాగలి తగిలితేనే
కింద ఉన్నట్టు తెలుస్తుంది.
లాత్‌బరీ గారికి చెబుదామని చూశాను.
అప్పటికే గురక.

ఆ మాట కిందే మళ్లీ రాశాను:
మూడుంబావు. దున్నుతున్నాడు. గీత తిన్నగా ఉంది.
పొద్దున డాక్టరమ్మ కొట్టేసింది ఎర్రసిరాతో,
కాస్త వంకరగానే.

నాలుగో రోజుకి తేరుకున్నాడు.
ఏమీ గుర్తులేదట.
ఓట్స్ గంజి చల్లారిపోయిందని నా మీద కేకలేశాడు.
వయొలెట్ ఎవరని అడిగితే
చెంచా పట్టుకుని చాలాసేపు
కిటికీలోకి చూశాడు.

"కుడివైపుది" అన్నాడు,
"చాల్లో నడిచేది."