సున్నా గడి

జూన్ మూడో వారం. రాత్రి పదకొండయినా
ఎమయొగి మీద చీకటి దిగదు.
కుండలో అడుగున మిగిలిన మజ్జిగలా
ఆకాశం పలచగా తెల్లగా నిలబడి ఉంది.

లేలో నడుం దాకా రబ్బరు బూట్లు తొడుక్కుని
పాత పాయలోకి దిగింది.
వెనక హిల్లర్, భుజాన అలివి వల.
ఆ వెనక నేను,
మెడలో తాడుకి కట్టిన పెన్సిలు,
తడిసినా చిరగని కాగితాల పుస్తకం.
నా పని రాయడమే.

అగ్గిపుల్లంత చేపపిల్లలు
ఎక్కడ పెరుగుతున్నాయి?
ఇసుక మేట దగ్గరా, రెల్లు మొదట్లోనా,
కూలిన విల్లో కొమ్మల కిందా?
ప్రశ్న ఒకటే.
అడిగే నోళ్లే నాలుగు.

ముందు అలివి.
రెండు కొసలూ చెరొకరు పట్టి ఒడ్డుకి లాగారు.
ఇసుక మీద చెప్పినట్టు విన్నది:
నూట పన్నెండు రోచ్ పిల్లలు,
తట్టలో వెండి రజను పోసినట్టు.
రెల్లులోకి తీసుకెళితే మొరాయించింది.
దుంగకి తగులుకుని, కాళ్లకి చుట్టుకుని
చివరికి పైకి తెచ్చింది ఇంత నాచు,
ఒక సీసా మూత, ఒక నత్త.
వలనడిగితే ఈ ఏట్లో
చేపలన్నీ ఇసుక మీదే కాపురం.

తర్వాత కరెంటు కర్ర.
హిల్లర్ వీపున బ్యాటరీ, తేనెటీగల రొద.
చోటుకో ముంచు. మూడు లెక్కపెట్టేలోగా
దాక్కున్నది వెల్లకిలా పైకొస్తుంది.
రెల్లు మొదట్లో పైక్ పిల్ల,
ఇంకా పాలుగారే ఒళ్లు, అప్పుడే వేటగాడి దవడ.
లేలో దాన్ని దోసిట్లోకి తీసుకుని
తేరుకునే దాకా నీళ్లలో ఊపింది,
జ్వరం జారిన బిడ్డని ఎత్తుకున్నట్టు.
కర్రనడిగితే ఇసుక మేట ఎడారి.
అడుగు చప్పుడుకే అక్కడివి
పరుగో పరుగు, ఎవరు చూశారు?

రై రొట్టె ముక్కలు ఎరపెట్టి
ముందురోజే మావులు వేశాం, పదకొండు.
పొద్దున తీస్తే పది ఖాళీ.
పదకొండోదాంట్లో పెర్చ్ ఒకటి,
పొట్ట ఉబ్బి, ఒంటరిగా.
"ఎంతమంది ఉండేవాళ్లో దాన్నే అడగాలి"
అన్నాడు హిల్లర్. లేలో నవ్వలేదు.
ఒకటి అని రాశాను.

దీపపు బోను సంగతి చెప్పక్కర్లేదు.
చీకటి పడని ఊళ్లో దీపానికెవరు వస్తారు.

అవతలి రేవులో విర్వె, డెబ్భై దాటిన మనిషి,
ఆవిరి గదికి నీళ్లు తోడుకుంటోంది.
"ఏం వెతుకుతున్నారు?"
చెప్పాం.
"నలభై ఏళ్లుగా ప్రతి శనివారం ఇక్కడే బకెట్ ముంచుతున్నా.
ఏప్రిల్ నీళ్లు నా మూడో మెట్టెక్కిన ఏడు
బకెట్‌లో పిల్లలొస్తాయి. ఎక్కని ఏడు రావు.
మళ్లీ పారబోసేస్తా, పాపం."
లేలో చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత మర్యాదగా అడిగింది,
"బకెట్ ఎన్ని లీటర్లు?"
పన్నెండు.
మా కాగితంలో బకెట్‌కి గడి లేదు.
అట్ట వెనక రాసుకున్నాను.

భోజనాలప్పుడు లెక్క కూడాం.
నాలుగు పద్ధతులకీ నాలుగు నదులు,
ఒకదాన్నొకటి ఎరగనట్టే.
నన్ను కుదిపింది మాత్రం అంకెలు కాదు,
సున్నాలు.
రెల్లులో వలకి సున్నా.
ఇసుకలో కర్రకి సున్నా.
లేక సున్నానా, దొరక్క సున్నానా?
రెండింటికీ ఒకే గుండ్రం.
చూడలేకపోయిన చోటల్లా
పక్కన చిన్న చుక్క పెడుతూ పోయాను.

"ఇవేంటి, ఈగ రెట్టలా?" అంది లేలో.
చెప్పాను.
పుస్తకం లాక్కుని పేజీలు వెనక్కి తిప్పి,
నిరుడు తను రాసిన సున్నాలకీ
ఒక్కొక్కటిగా చుక్కలు పెట్టసాగింది.
కొన్ని చోట్ల పెన్సిలెత్తి ఆగింది.
గుర్తు లేదు కాబోలు.

ఆ రాత్రి కంప్యూటర్‌లో ఎక్కిస్తుంటే
యంత్రం చుక్కని ఒప్పుకోలేదు.
అంకె వెయ్యమంది.
కిటికీ బయట ఏరు,
ఒంటిగంటకి కూడా చదువుకునేంత వెలుతురు,
ఎక్కడో టప్పున ఒక చిన్న చప్పుడు.
గడి ఖాళీగా ఉంచి
పడుకున్నాను.