పిట్ట

తెల్లవారుజామున నాలుగింటికి
హోటల్ వంటవాణ్ణి బతిమాలి ఒక పొయ్యి అడుక్కుంటాను.
పొట్టి బియ్యం. నీళ్ళు ఎక్కువ. పలుకు మిగలకూడదు.
ఆవిరి పోకముందే మెత్తటి చీజ్, ముదురు చక్కెర,
చిటికెడు ఉప్పు, యాపిల్ తరుగు.
పళ్ళెంలో పరిచి అరచేత్తో అదుముతాను.
ఎనిమిది మందికి ముప్ఫై రెండు ముక్కలు.

రేకు మడవడమే అసలు విద్య.
ఒక చెయ్యి హ్యాండిల్ మీదే ఉంటుంది కదా,
రెండో చెయ్యీ పళ్ళూ చాలాలి విప్పడానికి.
పదహారేళ్ళుగా నేను మడిచే ఆ మూలని
ఎవరూ మెచ్చుకోలేదు.
విప్పుకున్నారు, అంతే.

డాక్టర్ బస్సులో కాగితం అంటించాడు:
గంటకి తొంభై గ్రాముల పిండిపదార్థం,
మాంసకృత్తులు పోటీ అయ్యాక.
పగలు మండటానికి బియ్యం,
రాత్రి అతుకులు వేసుకోవడానికి గుడ్లు.
నాకు అర్థమైంది అదీ.
ఎనెకో ఆ కాగితం మీద తన సీటు ఎత్తు రాసుకున్నాడు.

ఎనెకో పని నీళ్ళు మొయ్యడం.
వెనక్కి జారి కారు దగ్గరికొస్తాడు,
చొక్కాలో ఏడు సీసాలు దోపుకుని
మూపురం మొలిచినవాడిలా పైకి తొక్కుతాడు.
అందరికీ పంచాక తనకి మిగిలిందా అని చూసుకోడు.

పిరెనీస్‌లో రెండో కొండ మొదట్లో, మలుపు దాటాక
సంచీ వేలాడే చెయ్యి చాచి నిలబడతాను.
నాకూ వాళ్ళకీ ఉన్న పరిచయం అర సెకను.
పట్టీ మోచేతికి తగులుకుంటుంది, పోతుంది.

ఇవాళ ముందువాడు తూలాడు.
ఎనెకో వేళ్ళు గాలిని పట్టుకున్నాయి,
సంచీ తారు మీద పడింది.
వెనక్కి చూడలేదు. చూడటం కుదరదు.
కంచె దూరి వచ్చిన ఓ పిల్ల రేకు విప్పి
ఒక ముక్క కొరికి, మొహం చిట్లించి
మిగతాది కుక్కకి పెట్టింది.
(విప్పగలిగింది. చూశాను.)

ఒంట్లో ఉన్నదంతా అయిపోతే వచ్చేదాన్ని
ఈ వైపు సైకిలువాళ్ళు పిట్ట అంటారు.
ఎందుకో ఎవర్నడిగినా చెప్పరు.
ఇంకా పదకొండు కిలోమీటర్లు ఉండగా
ఎనెకో మీద పిట్ట వాలిందని రేడియోలో మాట.

ముందు పోయేవి లెక్కలు.
ఎన్నో మలుపు, ఏ గేరు, ఎటు కొండ.
రాత్రి తిన్నది కరిగిపోయి
ఒళ్ళు తన గోడల్లోంచే ఇటుకలు పీక్కుంటుంది.

ఊడ్చుకొచ్చే బండికి రెండు మీటర్ల ముందు చేరాడు.
చెంపల మీద ఉప్పు చారలు.
బస్సు మెట్టు మీద కూర్చోబెట్టి చేతిలో ముక్క పెట్టాను.
వేళ్ళు ఆ మూల కోసం వెతికాయి,
వెతికాయి.

నేనే విప్పాను.

నాలుగు ముక్కలు తిన్నాడు. ఐదోది సగం.
అప్పుడు తలెత్తి
"ఇందులో యాపిల్ వేస్తావా?" అన్నాడు.

ఆరేళ్ళుగా వేస్తున్నా, అన్నాను.
రాత్రికి నీకు గుడ్లు ఆరు.